జమేదార్ తోకలో అంటుకాయలు

కాశీకి వెళ్లి వచ్చినవాళ్లు గంగ గురించి చెబుతారు. బొంబాయి వెళ్లి వచ్చినవాళ్లు సముద్రం గురించి చెబుతారు. నేను వెళ్లింది కాజీపేట దాటి, ధర్మసాగర్ దాటి, ఇంకొక రోజు నడకంత దూరం. అందుకని తోకల గురించి చెబుతాను. వరంగల్లు కొత్తవాడలో మగ్గం ముందు పుట్టి పెరిగినవాడికి ఆ మాత్రం దూరమైనా పరదేశమే. వెళ్లనివాళ్లు చదివి ఊరుకోండి. వెళ్లే పని పడినవాళ్లు మాత్రం వెంట ఒక సీసా ఆముదం పెట్టుకోండి.

కొత్తవాడ

మేము జంపఖానాలు నేసేవాళ్లం. యుద్ధం నడుస్తున్న రోజులవి. దేవుడు దొరికినా నూలు దొరకడం లేదు. అటువంటి కాలంలో ఒక దొర కోటలాంటి తన గడిలో హాలు మొత్తం పరుచుకునేంత జంపఖానా కావాలని కబురు పెట్టాడు. దొర పేరూ, ఊరి పేరూ రాయను. అటువంటి ఊళ్లు మా వైపు చాలా ఉన్నాయి గనక మీకు తెలిసిన ఒకదాన్ని అనుకోండి, తప్పు పోదు.

దొరకు ఒక బిరుదు మీద మనసు పడింది. సర్కారు అశ్వశాలకు జంతువులను ఎంచే పెద్ద అధికారి ఒకాయన హైదరాబాదు నుంచి ఆ ఊరికి రాబోతున్నాడు. ఆయన మెచ్చుకుంటే పైన ఒక మాట చెబుతాడు. పైవాళ్లు ఆ మాట వింటే దొర పేరు చివర బిరుదు వచ్చి కూర్చుంటుంది. ఆయన కాలు పెట్టే చోట పాత జంపఖానా ఉండకూడదు.

జంపఖానా తయారైందని తెలిశాక దొర మనిషి వచ్చి, "దొర ఖచ్చర్ తోలుతాండు, సామాను దాని మీద ఏసుకొని నువ్వు గూడ రావాల్నట" అని చెప్పి పోయాడు.

నా భార్య రాజవ్వ దాన్ని కచ్చురం అని విన్నది. కచ్చురం అంటే గూడు కట్టి, పరుపు వేసి, తెరలు దించిన ఎడ్ల బండి. దొరసానులు ఎక్కేది. ఖచ్చర్ అంటే కంచరగాడిద అని నాకు తెలియకపోలేదు. నాకు ఉర్దూ వచ్చు. కానీ కచ్చురం ఎక్కాలని మనసు పడ్డవాడి చెవులకు ఉర్దూ రాదు. సాయంత్రానికల్లా, మల్లేశాన్ని, అంటే నన్ను, తీసుకుపోవడానికి దొర సొంత కచ్చురం వస్తున్నదని వాడ మొత్తానికి తెలిసిపోయింది. అందులో కొంత నేను చెప్పిందే.

తెల్లవారి ఉతికిన కోటు తొడుక్కుని, రుమాలు చుట్టుకుని అరుగు మీద నిలబడ్డాను. వాడవాళ్లు మగ్గాలు ఆపి వచ్చారు. రాజవ్వ కచ్చురంలో వేసుకోమని మెత్తటి బొంత మడిచి పట్టుకున్నది. సందు చివర నుంచి ఎడమ కాలు ఈడుస్తూ ఒక మనిషి, అతని వెనక రెండు కంచరగాడిదలు వచ్చాయి.

"కచ్చురమేది బిడ్డా?" అని పక్కింటి ముసలమ్మ అడిగింది.

"గివేనవ్వా ఖచ్చర్లు" అన్నాడతను.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. రాజవ్వ నా వైపు చూడకుండా, "అయితె బొంత ఇంట్లనే ఉంచనా?" అని లోపలికి పోయింది.

అతని పేరు యాకోబు. కిరస్తానం వాళ్లు. ముప్పై దాటి ఉంటాయి. కంచరగాడిదల్లో నల్లగా, ఎత్తుగా ఉన్న దాని పేరు జమేదార్. బూడిద రంగుది బిజిలీ. జంపఖానా చుట్టను జమేదార్ మీద కట్టి, నన్ను బిజిలీ మీద ఎక్కించాడు. బట్టల మూటతో పాటు నా పంజా కూడా పెట్టుకున్నాను. పంజా అంటే పడుగులో పేకను దిగగొట్టే ఇనుప పళ్ల పనిముట్టు. దొర ఎక్కడైనా అంచు వదులుగా ఉందంటే అక్కడే సరిచేయవచ్చని.

కాజీపేట

హన్మకొండ దాటేలోపే బిజిలీ వీపు గురించి నాకు తెలియవలసింది తెలిసింది. కాజీపేట దాకా మిగిలిన దారి నడిచాను. నడుస్తూ నడుస్తూ ఒక బస్సును దాటేశాం. పెట్రోలు లేక బొగ్గుతో నడిపే బస్సు అది. ప్రయాణికులు దిగి దాన్ని వెనక నుంచి తోస్తున్నారు. డబ్బిచ్చి టిక్కెట్టు కొన్నది తామే గనక తామే తోయాలని వాళ్లు ఒప్పుకున్నట్టు కనిపించింది.

స్టేషను బయట చాయ్ తాగాం. ధర పెంచాడు. ఎందుకని అడిగితే జర్మనీవాడి పేరు చెప్పాడు. చక్కెర తగ్గింది, దానికీ జర్మనీవాడే. గ్లాసు కడగలేదు. దానికి ఏ దేశాన్ని అనాలో తెలియక ఊరుకున్నాను.

కాజీపేట వాళ్లు మాలాంటివాళ్లు కారు. మేము నూలును చూసి పొద్దు లెక్కగడతాం. ఇక్కడ అన్నం తినడానికీ, పోట్లాడుకోవడానికీ రైలు కూత వినాలి. ఒకామె భర్తను తిడుతూ తిడుతూ బండి రాగానే ఆగి, అది పోయాక ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి మొదలుపెట్టింది.

చాయ్ తాగుతూ యాకోబును కాలి సంగతి అడిగాను. దొర యుద్ధానికి చందా ఇచ్చాడట. ఆ చందా యాకోబు. పల్టన్‌లో కంచరగాడిదలు తోలే పనికి పోయి, కొండ మీంచి జారి కాలు విరిగి తిరిగొచ్చాడు. పల్టన్ వాళ్లు పనికిరావని అమ్మేసిన జంతువులను దొర చవకగా కొన్నాడు. పనికిరాడని పంపేసిన యాకోబు మాత్రం దొరకు ఉచితంగానే దొరికాడు. మళ్లీ గడిలో వెట్టికి చేరాడు.

"యుద్ధం ఎట్లుండె?" అన్నాను.

"దుష్మన్‌ను నేను సూడనే లేదు కాకా. ముందట ఒక ఖచ్చరు, దాని ఎన్క నేను, నా ఎన్క ఇంకోటి. పొద్దు పొడిసినకాడ్నించి గూకేదాక తోకనే సూసిన. యుద్ధం ఎట్లుంటదంటే, తోక లెక్క ఉంటది."

"మరి దీనికి జమేదార్ అని పేరెందుకు పెట్టినవ్?"

"ఆడ మా జమేదార్ బెత్తం పట్టుకొని తిరుగుతుండె. నడువురా, నిలవడురా అనుడే. నాకు గూడ జమేదార్‌ను నడువురా, నిలవడురా అనాలని మస్తు కోరికుండె."

ధర్మసాగర్

ధర్మసాగర్ చెరువు నీళ్లే వరంగల్లో మేము తాగుతాం. పుట్టినప్పటి నుంచి తాగుతున్న నీళ్లను అవి పుట్టిన చోట చూడటం పుణ్యమనుకుని కట్ట ఎక్కాను. ఒక బర్రెల మంద నా కన్నా ముందే ఆ పుణ్యంలో మెడ దాకా మునిగి ఉంది. ఈ సంగతి రాజవ్వకు ఇప్పటికీ చెప్పలేదు.

ఊళ్లోకి వచ్చేసరికి పొద్దు వాలుతున్నది. బావి దగ్గర ఆగి యాకోబు తన మామూలు గొంతుతోనే అన్నాడు. పల్టన్‌లో అలవాటైన ఆ మామూలు గొంతు రెండు వీధులకు వినిపిస్తుంది.

"జర దాణా దొరుకుతదా? జమేదార్ పొద్దటిసంది ఏం తినలేదు. ఆకలైతె ఎవర్ని తంతడో తెల్వది."

బావి దగ్గర ఉన్న పటేలు మనిషి చేద వదిలేసి పరుగెత్తాడు. మేము చేతులు కాళ్లు కడుక్కునేలోగా ఊళ్లో అలికిడి మొదలైంది. ఒకడు మంచం మోసుకొచ్చాడు. ఇంకొకడు ముంతతో పాలు తెచ్చాడు. ఎవరి వాకిట్లోనో కోడి అరిచింది. ఇదంతా ఏమిటో మాకు తెలిసేలోపే పటేలు కొత్త రుమాలు చుట్టుకుంటూ, ఒక చేత్తో కోడిని తలకిందులుగా పట్టుకుని వచ్చాడు. అతని వెనకే ఒకామె, "అది గుడ్లు పెట్టే కోడయ్యా, దాన్నిడువుర్రి" అంటూ వస్తున్నది. ఆమె పేరు కనకవ్వ అని తరువాత తెలిసింది.

పటేలు నా కోటును చూసి వంగి సలాం చేశాడు. "జమేదార్ సాబ్ తమరేనా?"

నేను కాదన్నాను. జీవితంలో నాకు ఎవరైనా అంత కిందికి వంగి సలాం చేయడం అదే మొదలు గనక కొంచెం ఆలస్యంగా కాదన్నాను.

"మరి సాబ్ ఏడున్నరు?"

యాకోబు కంచరగాడిద మెడ మీద చెయ్యి వేసి, "గిదే, పటేలా" అన్నాడు.

పటేలు జమేదార్‌ను చూశాడు. జమేదార్ పాల ముంతను చూసింది. ఊరు ఊరంతా పటేలును చూసింది. సర్కారు నౌకరు పేరు వినబడితే కోడిని, పాలను, మంచాన్ని అణా ఇవ్వకుండా రాబట్టడం పటేలు విద్య. ఆ విద్య ఎంత గట్టిదంటే, ఈసారి నౌకరు లేకుండానే పనిచేసింది.

కనకవ్వ ముందుకొచ్చి చెయ్యి చాపింది. "జమేదార్ గడ్డి తింటడు గద. నా కోడి నాకియ్యుర్రి."

ఎవరో వెనక నుంచి నవ్వారు. తరువాత అందరూ నవ్వారు. పటేలు కోడినిచ్చి, రుమాలు విప్పి భుజాన వేసుకుని, ఊళ్లో జంతువులను కట్టే జాగ లేదని, చెరువు లోపలి ఒడ్డున కట్టుకోమని చెప్పి వెళ్లిపోయాడు. అది శిక్ష అని ఆ సాయంత్రం మాకు తెలియలేదు. చల్లగాలి, పచ్చిక, నీళ్లు దగ్గర. పటేలు మంచివాడేనని కూడా అన్నాను నేను.

కనకవ్వ మొక్కజొన్న రవ్వతో వండిన గట్క, పుంటికూర పెట్టింది. మా ఇంట్లో పుంటికూరలో పచ్చిమిరపకాయలు లెక్కపెట్టి వేస్తారు. ఇక్కడ మిరపకాయల్లో పుంటికూర లెక్కపెట్టి వేశారు. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ రెండోసారి అడిగి పెట్టించుకున్నాను.

కట్ట కింద

తెల్లవారి యాకోబు కేక విని పరుగెత్తాను. ఆ చలికాలంలో నీళ్లు వెనక్కి తగ్గిన ఒడ్డంతా మరులమాతంగి పొదలు ఎండి నిలబడి ఉన్నాయి. వాటి కాయలు చింతగింజ కన్నా కాస్త పెద్దవి, ఒళ్లంతా కొక్కేలు. తగిలితే చాలు వదలవు గనక ఊళ్లో వాటిని అంటుకాయలంటారు. మా జంతువులు మేతకు ఆ పొదల్లోనే తిరిగాయి. జమేదార్ తోక తోకలా లేదు, గదలా ఉంది. బిజిలీ తోక కడ్డీలా గట్టిపడి, అది విసిరినప్పుడల్లా దాని తొడకే దెబ్బ తగులుతున్నది. జంపఖానా చుట్ట మీదా కాయలే.

"కత్తిరిచ్చి పారేద్దాం. వెంట్రుకలే గద" అన్నాను.

యాకోబు తల అడ్డంగా ఊపాడు. ఒక రాయి మీద కూర్చున్నాడు. తరువాత అసలు సంగతి చెప్పాడు.

"దొర గీ రెండిటిని ఆ అధికారికి నజరానా ఇస్తాండు. ఆ సాబ్ ఏ జంతువుదైనా ముందుగాల తోక సూస్తడట. తోకల పేడ, ముల్లు ఉంటె వద్దంటడట. వద్దన్నడనుకో, ఇవి గడిలనే ఉంటయి, నేను గూడ గడిలనే ఉంట. తీసుకున్నడనుకో..." అని ఆగాడు. "పల్టన్ల ఒక కాయిదా ఉండె కాకా. జంతువు ఎటు పోతె దాని మనిషి అటే. ఆయన గూడ పల్టన్ల ఉన్నోడేనట."

"దొర నిన్నిడుస్తడా?"

"దొర ఇడువడు. ఆయన అడిగితె కాదనడు."

ఒక మనిషి బతుకు రెండు తోకల మీద ఆధారపడి ఉంది. యాకోబు అప్పటికే లేచి వేళ్లతో ఒక్కొక్క కాయను లాగుతున్నాడు. కాయతో పాటు వెంట్రుకలూ ఊడి వస్తున్నాయి. నీళ్లకొచ్చిన కనకవ్వ కాసేపు చూసి, బిందె కింద పెట్టి వెనక్కి పోయి, ఆముదం ముంతతో, ఇద్దరు పక్కింటి ఆడవాళ్లతో తిరిగొచ్చింది.

"ఆడివిల్ల నెత్తికి అంటుకున్నా ఇంతే. నూనె పెట్టక లాగితె ఏమొస్తది, బోడగుండొస్తది" అన్నది.

ఇక చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. ముందు తోకను ఆముదంతో తడిపి నానబెట్టాలి. కాయను పట్టి వెంట్రుకలోంచి లాగకూడదు, వెంట్రుకను పట్టి కాయలోంచి లాగాలి. కింది కొస దగ్గర మొదలుపెట్టి పైకి పోవాలి. విడిపోయిన పాయను పక్కకు తీసి ముడి వేయాలి, లేకపోతే పక్క పాయ దాన్ని మళ్లీ పట్టుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, జంతువు వెనక నిలబడకూడదు. ఈ సంగతి నాకు చివర తెలిసింది.

నా పంజా తీసి, పళ్లు తోకలో దిగేసి దువ్వడం మొదలుపెట్టాను. కనకవ్వ దాన్ని చూసి, "ఇది దువ్వెననా, పులి చెయ్యా?" అన్నది. మంచి నూలుకు పెట్టినంత ఒడుపు పెట్టాననే అనుకున్నాను. బిజిలీ అలా అనుకోలేదు. నేను లేచింది ఒడ్డున, పడింది చెరువులో. ఆ వారం వరంగల్లో మంచినీళ్లు తాగినవాళ్లందరికీ నా నమస్కారాలు.

మా వాడలో మధ్యాహ్నం పూట ఆడవాళ్లు అరుగుల మీద ఒకరి వెనక ఒకరు కూర్చుని తలలు దువ్వుకుంటూ ఊరి సంగతులన్నీ విప్పుతారు. చెరువు ఒడ్డున కూడా అదే జరిగింది, తలకు బదులు తోక, అంతే. పటేలు గురించి ఆ పొద్దు నేను విన్నవి పటేలుకు కూడా తెలిసి ఉండవు. చీకటి పడేలోపు రెండు తోకలూ విడిపోయాయి. ఆముదంతో మెరుస్తున్నాయి. కాకపోతే వెంట్రుకలు చాలా పోయి, గద పోయి పిల్లి తోక మిగిలింది. జంపఖానాను కట్ట మీద పరిచి అందరం కలిసి దాన్నీ ఏరాం. ఒక్క కాయ కూడా మిగలలేదని నేనే అందరికీ చెప్పాను.

కనకవ్వకు ఏమివ్వాలో తెలియక తడుముకుంటుంటే ఆమె, "పటేలు మొకం సూసిన గద. ఇగ ఏడాది దాక నాకేం వద్దు" అన్నది.

గడి

గడి కనిపించే మలుపు దగ్గర చెప్పులు చేతుల్లోకి వస్తాయి. గొడుగులు మూసుకుంటాయి. నడుములు వంగుతాయి. జమేదార్‌కు గిట్టలకు కొట్టిన నాడాలు ఊడదీయడం కుదరదు గనక దానికి మినహాయింపు ఉంది. ఆ ఊళ్లో గడి ముందు నుంచి చెప్పులు తొడుక్కుని, తలెత్తి నడిచింది మా ఇద్దరం కాదు, అదే.

దొర గుమాస్తా ఎదురొచ్చి జంతువుల చుట్టూ తిరిగాడు. తోకలు ఎత్తి చూశాడు. "గింత పలుసగున్నయేందిరా? అధికారి రేపే అస్తాండు. దొర ఇజ్జత్ పోతది."

"శుబ్రంగున్నయి గదయ్యా. పెరగాల్నంటె రోజులు పడ్తది" అన్నాడు యాకోబు.

రోజులు పట్టే పని గడిలో ఎవరూ ఒప్పుకోరు. గుమాస్తా లోపలికి పోయి, దొరసాని దాసిని బతిమాలి, సవరం తెచ్చాడు. దొరసాని పండుగలకు జడలో పెట్టుకునే సవరం. నల్లగా, నిగనిగలాడుతూ, మోకాలి దాకా ఉంది. తెల్లవారి దాన్ని జమేదార్ తోకలో కలిపి నల్లదారంతో కట్టాడు. బిజిలీ బూడిద రంగుది గనక దానికి సరిపోయే దొరసాని ఊళ్లో దొరకలేదు. యాకోబు వద్దని ఒకసారి అన్నాడు. రెండోసారి అనబోతే గుమాస్తా చెయ్యి లేచింది. నేను హాలులో జంపఖానా పరుస్తూ కిటికీలోంచి చూస్తున్నాను. తల దించి అంచు సర్దుకున్నాను.

మధ్యాహ్నం అధికారి మోటారు వచ్చింది. పొట్టి మనిషి, తెల్ల మీసాలు, మోకాళ్ల దాకా బూట్లు. దొర ఆయన మీది గౌరవంతో వట్టి కాళ్లతో జంపఖానా మీద ఎదురు నడిచి, చేతులు జోడించి, సరిగ్గా మధ్యలో ఆగిపోయాడు. ముఖం ఒక్కసారి బిగుసుకుంది. ఏమైందో నాకు వెంటనే అర్థమైంది. ఒక్క అంటుకాయ మిగిలింది.

కానీ దొర దొరే. కదలలేదు. అధికారి దగ్గరికి వచ్చేదాకా ఆ కాయ మీదే నిలబడ్డాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. అధికారి అది చూసి కదిలిపోయాడు. సర్కారు మీద ఇంత భక్తిని తాను ఏ జిల్లాలోనూ చూడలేదని ఉర్దూలో అన్నాడు. గుమాస్తా కూడా వెంటనే కళ్లు తుడుచుకున్నాడు.

విందు చాలాసేపు సాగింది. మేము పెరట్లో విస్తళ్ల ముందు ఎదురుచూశాం. మాకు పులుసు వచ్చింది. ముక్కలు దారిలోనే ఎవరో తినేశారు. తరువాత అధికారి జంతువులను చూడటానికి వచ్చాడు. పళ్లు చూశాడు, గిట్టలు చూశాడు. యాకోబు పగ్గం పట్టుకుని కర్రలా నిలబడ్డాడు. అధికారి పక్కకు జరిగి, జమేదార్ తోక మొదట్లో చెయ్యి వేసి, నెమ్మదిగా కిందికి దువ్వాడు. సవరం ఆయన చేతిలోకి వచ్చేసింది.

ఆయన దాన్ని పైకెత్తి చూశాడు. "ఇది ఎవరిది?"

దొర అలవాటు కొద్దీ, "తమరిదే హుజూర్" అన్నాడు.

మేడ మీది తెర వెనక ఎవరో చప్పున కిటికీ మూశారు. అధికారి ముఖం ఎర్రబడింది. తనకు రోగం జంతువును అంటగడుతున్నారని, తోక ఊడిపోయిందని దాస్తున్నారని అనుకున్నట్టున్నాడు. ఎవరు చేశారిది అని గద్దించాడు. గుమాస్తా వెనకా ముందూ చూసుకోకుండా, "గీ యాకోబు, హుజూర్" అన్నాడు.

యాకోబు నోరు తెరవలేదు. అతనికి చెప్పే మాటలు లేక కాదు. ఆ ముంగిట్లో ఆ మాటలు చెల్లవు. నాకు రావలసింది ఇంకా దొర చేతిలోనే ఉంది. అయినా నా నోట్లోంచి మాట వచ్చేసింది. నాకు ఉర్దూ వచ్చునని ముందే చెప్పాను కదా, ఆ రోజే మొదటిసారి అది పనికొచ్చింది.

"సవరం కట్టింది గుమాస్తా, హుజూర్. తోక మాత్రం యాకోబుది. చెరువు ఒడ్డున అంటుకాయలు పట్టుకుంటే పొద్దంతా కూర్చుని ఒక్కొక్కటి తీశాడు. రోగం లేదు. తమరే చూసుకోండి."

దొర నా వైపు చూసిన చూపు గురించి రాయను. అధికారి వంగి, వెంట్రుకలు పాయలు తీసి, మొదట్లో చర్మం దాకా చూశాడు. ఆముదం వాసన చూశాడు. తరువాత బిజిలీ దగ్గరికి వెళ్లి అదే చేశాడు. బిజిలీ ఆయనను తన్నలేదు. ఆయన పక్కన నిలబడ్డాడు.

"రెండూ తీసుకుంటాను. మనిషిని కూడా" అన్నాడు.

"వాడు తరతరాల సంది మా గడి మనిషి హుజూర్" అన్నాడు దొర.

"జంతువును నజరానా ఇచ్చి పగ్గం మీ దగ్గరే ఉంచుకుంటారా?"

ఆయన దయతో అన్నాడని మీరు పొరబడకూడదు. ఆయన యాకోబు ముఖం కూడా చూడలేదు. ఆయన దృష్టిలో యాకోబు జీను లాంటి, కళ్లెం లాంటి సామాను. సామాను లేకుండా జంతువును తీసుకోవడం ఆయన కాయిదాకు విరుద్ధం. ఆ ఊళ్లో మనిషిగా ఎన్నేళ్లున్నా దొరకని విడుదల యాకోబుకు సామాను కింద దొరికింది.

మోటారు వెళ్లాక దొర కాలు పట్టుకుని కూర్చుని నన్ను పిలిపించాడు. జంపఖానా ముళ్లతో నేశానని, దాన్ని ఎత్తుకుని పొమ్మని చెప్పాడు. ఎత్తుకున్నాను. నా నేతలో మొదటిసారి ఒకరు పట్టుకున్న తప్పు నిజంగానే ఉంది గనక వాదించలేదు.

మళ్లీ కాజీపేట

జంతువులను కాజీపేటలో రైలెక్కించి హైదరాబాదు తీసుకురమ్మని అధికారి ఆజ్ఞ. తెల్లవారే బయలుదేరాం. జంపఖానా మళ్లీ జమేదార్ మీదికెక్కింది. యాకోబు భార్య మరియమ్మ ఒక సత్తు గిన్నె, ఒక మూట పట్టుకుని మా వెనక కొంచెం దూరంగా నడిచింది. యాకోబును ఇమ్మని అధికారి అన్నాడు, ఆమె మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే కాదంటారని మేమూ ఎత్తలేదు. ఊరి పొలిమేరలో గడి మనిషి ఒకడు అడ్డం నిలబడి, "నువ్వెటు?" అన్నాడు.

"జమేదార్‌కు గడ్డి కోసేటందుకు" అన్నది ఆగకుండా.

అతను పక్కకు జరిగాడు. జమేదార్ ఎవరో అతనికి తెలుసో లేదో నాకు తెలియదు. ఆ మాటకు అందరూ జరుగుతారు.

కాజీపేటలో జంతువులకు ఒక మూసిన రైలు డబ్బా ఇచ్చారు. బిజిలీ వెంటనే ఎక్కింది. జమేదార్ ఎక్కనని మొండికేసింది. యాకోబు దాన్ని అడగలేదు, తిట్టలేదు. ముందుగా తనే ఎక్కి, వీపు తిప్పి నిలబడ్డాడు. కాసేపటికి అది తోక ఊపుకుంటూ అతని వెనకే ఎక్కింది.

మరియమ్మ గిన్నెనూ మూటనూ గడ్డి మీద సర్దుకుని డబ్బా తలుపు దగ్గర కూర్చున్నది. ఆమె అంతకుముందు రైలు ఎక్కలేదు. హైదరాబాదు నేను చూశానా అని అడిగింది. ఒకసారి చూశానన్నాను. అక్కడ ఇల్లు దొరకడం కష్టమని, మంచినీళ్లకు కూడా కొట్లాడాలని, ఎవరూ ఎవరినీ పలకరించరని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమెను భయపెట్టాలని కాదు, దారిలో ఆశ పెట్టుకుని పోయి అక్కడ ఏడవకూడదని.

ఆమె శ్రద్ధగా అన్నీ విన్నది. బండి కదిలింది. నేను డబ్బా పక్కన నడుస్తుంటే మూట మీదికి వంగి అడిగింది.

"ఆడ గడి ఉంటదా అన్నా?"

"లేదు" అన్నాను.

"గా మాట ముందుగాల చెప్పకపోతివి" అని కాళ్లు బారజాపుకుని కూర్చున్నది.